రథం తిరిగే మూల

తడిసిన తునికాకుకు జంధ్యాల పున్నమి తెలియదు. ఒక్క పూట వదిలేస్తే బూజు పడుతుంది. అందుకే పండగనాడు కూడా శాంత పొద్దున్నే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆకును కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి బీడీ చుట్టడం, కొసలు బొటనవేలి గోటితో లోపలికి మడిచి దారం కట్టడం. పెళ్లయి సోలాపూర్ వచ్చినప్పటి నుంచీ ఇదే పని. ఆ గోరు పసుపచ్చగా, మందంగా కొమ్ములా తయారైంది. చూపు ఎటున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఇవాళ చూపు మంచం మీదే ఉంది.

మంచం మీద రాములు. ముప్పై ఏళ్లకు పైగా సాంచాల మీద చద్దర్లు నేసిన మనిషి. ఆ మరమగ్గాల మోతలో చెవులు సగం పోయాయి, నూలు చూసీ చూసీ కళ్లద్దాలు లేనిదే గడప అవతలిది ఆనదు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. మిగిలిన ఎడమచెయ్యితోనే మంచినీళ్లు అడుగుతాడు, కోపం వస్తే దుప్పటి విసిరేస్తాడు. పిల్లల్లేరు. ఒకరికొకరు తప్ప ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఎన్ని గంటలకొస్తదట?" అన్నాడు రాములు, పొద్దుటి నుంచి ఎన్నోసారో.

"వస్తది తియ్యి. దేవుడు బస్సా, టైముకు రానీకి?" శాంత గట్టిగా అరిచి చెప్పింది. మెల్లగా చెబితే ఆయనకు వినపడదు.

రావలసింది మార్కండేయుడి రథం. ఏటా ఇదే రోజు సోలాపూర్ పద్మశాలీలందరూ కొత్త జంధ్యాలు వేసుకుని రథం వెంట నడుస్తారు. కాళ్లు ఆడినన్నాళ్లూ రాములు మోకు పట్టి లాగాడు. పడిపోయాక రెండు పండగలూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈ ఏడు మాత్రం రథమే ఆయన మంచం ముందుకు వస్తుందని మాట.

ఆ మాట ఇచ్చినవాడు దత్తాత్రేయ. రాములు పనిచేసిన కార్ఖానా యజమాని కొడుకు, ఇప్పుడు తనే సేటు, కులంలో పెద్దమనిషి. చిన్నప్పుడు కార్ఖానాలో ఆడుకుంటూ ఆకలేస్తే శాంత ఇంటికే వచ్చి జొన్నరొట్టె తిన్న పిల్లవాడు. తోడబుట్టినవాళ్లు లేని శాంత అప్పటి నుంచే అతనికి రాఖీ కడుతోంది. సేటు అయ్యాక కూడా ఒక్క ఏడాది తప్పకుండా వచ్చి చెయ్యి చాపి కూర్చునేవాడు. గల్లీ ఆడవాళ్ల ముందు శాంతకు అదొక గొప్ప. ఏం, గొప్ప కాదా మరి!

పోయిన చలికాలంలో అతనే వచ్చాడు. అశోక్ చౌక్ నుంచి వచ్చే దారి వాళ్ల గల్లీలోకి తిరిగే మూలలో శాంత ఇల్లు. ఇంటి ముందు నల్లబండ అరుగు. నలుగురైదుగురు ఆడవాళ్లు మధ్యాహ్నం పూట చాటలు తెచ్చుకుని ఆ అరుగు మీదే బీడీలు చుట్టేవారు. పెళ్లి సంబంధాలు, అత్తల ఆగడాలు, కంపెనీలో బీడీలు ఏరి పారేసే గుమాస్తా మీద తిట్లు, అన్నీ ఆ బండ వినేది.

"అక్కా, రథం ఈ మూల కాడ తిరగలేకనే మన గల్లీలకు వస్తలేదు," అన్నాడు దత్తాత్రేయ. "నీ అరుగు, ముందటి ఖోలి ఇస్తే దేవుడు నీ గడప ముంగటికెళ్లే పోతడు. బావ మంచంల పండుకునే దర్శనం జేస్కుంటడు."

ఆలోచించుకుంటానని కూడా అనలేదు శాంత. దేవుడు అడిగాడు, తమ్ముడు అడిగాడు, ఇంక ఆలోచన ఏమిటి? అరుగు పగలగొట్టే సమ్మెటకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి తనే కూలివాడి చేతికిచ్చింది. శాంతక్కే ఇచ్చాక మాదేముందని గల్లీ పొడుగునా ఒక్కొక్కరూ తమ అరుగులు ఇచ్చేశారు. దేవుడికి ఇచ్చినదాన్ని ఎవరూ కొలవలేదు, కాగితం అడగలేదు.

ముందు గది కూడా పోయి ఇప్పుడు మిగిలింది ఒక్క గది. వంటా అందులోనే, మంచమూ అందులోనే. గడప దిగితే రోడ్డు. బీడీల కోసం చేరడానికి చోటు లేక ఆడవాళ్లు ఎవరిళ్లలో వాళ్లు తలుపు వేసుకుని చుట్టుకుంటున్నారు.

"నీ దేవుడింకా రాలేదా శాంతక్కా?" ఎదురింటి యల్లమ్మ తలుపులోంచి అడిగింది. ఆమె అరుగూ పోయింది. అందుకే గొంతులో కొంచెం కారం.

"నీకు దేవుడు కాడా?" అంది శాంత. కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది.

పన్నెండు దాటేసరికి చాట పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. తంబాకు వాసన పోదు, అయినా కడుక్కుంది. గడపకు పసుపు రాసి, ముందు నీళ్లు చల్లి ముగ్గు వేసింది. రాములుకు ఒళ్లు తుడిచి కొత్త జంధ్యం వేసింది. మంచాన్ని తలుపుకు ఎదురుగా తిప్పి, రెండు దిండ్లు ఆనించి లేపి కూర్చోబెట్టింది. హారతి పళ్లెంలో కర్పూరం పెట్టుకుని గడపలో నిలబడింది. దత్తాత్రేయ కోసం కొన్న రాఖీ కొంగున ముడివేసుకుంది.

దూరంగా డోళ్లు వినిపించాయి. రాములుకు వినిపించలేదు గానీ శాంత ముఖం చూసి నవ్వాడు. నోరు ఒక పక్కకే విచ్చుకుంది.

మూల తిరిగి ముందుగా వచ్చింది సిటీ బస్సు. దాని వెనక ఆటోలు, మోటారుసైకిళ్లు, సామాను టెంపోలు, మళ్లీ బస్సు. చూస్తుండగానే గల్లీ నిండిపోయింది. ఎవరూ కదలరు, హారన్లు మాత్రం ఆగవు. ముగ్గు మీద నుంచి చక్రాలు వెళ్లాయి. పొగ గదిలోకి వచ్చింది. హారతి పళ్లెం పట్టుకుని శాంత ఏమీ అర్థంకాక నిలబడింది.

ఇరుక్కున్న ఆటోల్లో ఒకటి మహేశ్‌ది. రాములు చెల్లెలి కొడుకు. దిగి వచ్చాడు.

"రథం ఏడ దాకా వచ్చిందిరా?" అంది శాంత.

"రథం ఈడికేడ వస్తదత్తా? అది మెయిన్ రోడ్డుకెళ్లి కొంతం చౌక్ దిక్కు పోతుంది. మెయిన్ రోడ్డు బంద్ జేసి, గాడీలన్నీ ఇటు తోలిండ్రు."

"మరి రథం కోసమే గదా గల్లీ వెడల్పు జేసింది?"

మహేశ్ ఆమెను జాలిగా చూశాడు. "నీకు ఎరుక లేదా? ఎనక పాత కార్ఖానా షెడ్డు కూలగొట్టి దత్తాసేటు అపార్ట్‌మెంట్ కడుతుండు గదా. దానికి ఇంత వెడల్పు రోడ్డు చూపియ్యకుంటే పర్మిషన్ రాదు. గందుకే మీ అందరి అరుగులు తీపిచ్చిండు. మూల కాడ తన కార్ఖానా గోడ ఒక్క ఇటుక గూడ జరగలే, చూడు."

శాంత చూసింది. రోజూ చూసే గోడే. ఇవాళే కనపడింది. పళ్లెం పొయ్యి గట్టు మీద పెట్టింది.

"మీ మామ కాడ జర కూసో. నేను అడిగొస్త," అని గోడవారగా, వాహనాల మధ్య నుంచి నడిచింది.

కొంతం చౌక్ దగ్గర జనం నేల ఈనినట్టున్నారు. రథానికి ముందు, తెల్లటి ధోవతి కట్టుకుని, భుజాన కొత్త జంధ్యంతో దత్తాత్రేయ దొరికాడు. ఆమెను చూసి నిజంగానే ముఖం వికసించింది.

"రా అక్కా, రా!" అలవాటుగా చెయ్యి చాపాడు.

"తమ్మీ, రథం మన గల్లీకి రాలేదు."

"పోలీసోళ్లు గా రూటు ఇయ్యలే అక్కా. ఏం జేస్తం? వచ్చే ఏడు చూద్దాం."

"నీ బిల్డింగుకు రోడ్డు కావాల్నంటే నాకు చెప్పకపోయినవా? దేవుణ్ణెందుకు నడుమల తెచ్చినవ్?"

దత్తాత్రేయ కోప్పడలేదు. దగ్గరికి వంగి, చిన్నప్పటి గొంతుతో అడిగాడు. "బిల్డింగు కోసమంటే ఇస్తుంటివా అక్కా?"

ఇచ్చేది కాదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఆమె ఇంట్లో తిని, ఆమె పక్కన కూర్చుని, ఆమె దేనికి కరుగుతుందో దేనికి కరగదో అంతా నేర్చుకున్నాడు. అంత ఎరిగినవాడు కాకపోతే ఇంత మోసం చెయ్యగలిగేవాడు కాదు. శాంతకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

"పదిమంది చూస్తుండ్రక్కా. కట్టు," అన్నాడు, చాపిన చెయ్యి తియ్యకుండా.

పదిమంది నిజంగానే చూస్తున్నారు. నిండు పండగ, ఎదురుగా దేవుడు. చేతులు వాటంతట అవే కొంగుముడి విప్పాయి, రాఖీ తీశాయి, కట్టాయి. దారం ముడి వెయ్యడం వాటికి కొత్తా! ముడి పడ్డాక గానీ ఏం చేసిందో ఆమెకు తెలిసిరాలేదు. దారి పొడుగునా తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

తిరిగి వచ్చేసరికి గల్లీ ఇంకా అలాగే కిక్కిరిసి ఉంది. మహేశ్ గడపలో నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూడగానే శాంత అడుగు వేగం పెంచింది.

"నువ్వు పోయిన జరసేపటికే అత్తా," అన్నాడు. "నేల అదురుతుందేంది, రథమేనా అని అడిగిండు మామ. నేను..." ఆగాడు. "అవున్ మామా, రథమే అన్న. చెయ్యెత్తి మొక్కిండు. ఆ చెయ్యి గట్లనే రొమ్ము మీద పడ్డది."

"అప్పుడేం పోతుంది ముంగట?"

"ఇసుక లారీ."

మహేశ్ తల దించుకున్నాడు. వాడి మీద కూడా మండిపడాలనుకుంది శాంత. చాతకాలేదు. మంచం పట్టె మీద కూర్చుని రాములు ఎడమచెయ్యి ఒళ్లోకి తీసుకుంది. ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.

పొద్దు గూకకముందే తీసుకెళ్లారు. వాహనాలు ఆగలేదు. పాడె మోసేవాళ్లు దత్తాత్రేయ గోడకు ఒదిగి, ఒకరి వెనక ఒకరు జరుగుతూ మూల దాటారు. యల్లమ్మ వచ్చి శాంత భుజం పట్టుకుని లోపలికి నడిపించింది. దీపం పెట్టి, పక్కనే చతికిలబడింది.

శాంత ఖాళీ మంచం కేసి చూసింది. ఇసుక లారీకి దండం ఎలా పెట్టాడు? అంత పెద్ద లారీ ఎలా పోల్చుకోలేదు? ఒళ్లు తుడిచేటప్పుడు తను తీసి పెట్టి, మళ్లీ పెట్టడం మరిచిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. దీపం పక్క గూట్లో, కాళ్లు మడుచుకుని, రాములు కళ్లద్దాలు ఉన్నాయి.