సున్నపు గీతల వంటిల్లు

నా పేరు కుప్పన్. తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తంలో మేస్త్రిని. ఇప్పటికి నూట పన్నెండు ఇళ్లు కట్టాను. ఎవరింట్లో మెట్లు ఎత్తుగా వచ్చాయో, ఎవరి స్నానాల గదిలో వాలు కుదరక నీళ్లు నిలుస్తాయో అన్నీ తెలుసు. ఆ తప్పుల్లో సగం నావి. మిగతా సగం ఇంటివాళ్ల మొండితనం.

ఇన్ని ఇళ్లు కట్టినవాడు యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా అద్దె ఇంట్లో ఉన్నాడంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. ఈ ఏడు మాకూ స్థలం అమరింది. కే.వి.కుప్పం దారిలో ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. తూర్పు వాకిలి.

ప్లాను కోసం వేలూరు వెళ్లాను. అక్కడ ముకేష్ అనే కుర్ర ఇంజనీరు కంప్యూటర్లో బొమ్మ చేసి ఇచ్చాడు. ముందు పోర్టికో, దానికి రెండు గుండ్రటి స్తంభాలు, పైన నీలం గాజు. మాకు కారు లేదు, కొనేదీ లేదు. అయినా పోర్టికో కావాలని పట్టుబట్టింది నేనే. ఆ బొమ్మను ఫోనులో పెట్టుకుని టీ కొట్టు దగ్గర మొదలుపెట్టి ఆంబూరు బస్సులో పక్క సీటువాడి దాకా అందరికీ చూపించాను.

నా భార్య అంబుజానికి కూడా చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"బాగుండాది మామా. వంటిల్లు యాడ?"

"ఎనకాల" అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టేనని అనుకుంటూ ముప్పై రెండేళ్లు కాపురం చేశాను.

అందులో ముప్పై ఏళ్లు ఆమె నా పనుల్లోనే ఇటుకలు మోసింది. మోకాళ్లు అరిగిపోయి రెండేళ్లుగా ఇంటి పట్టున ఉంటోంది. మా అద్దె ఇంటి వంటగదికి కిటికీ లేదు. పట్టపగలు లైటు వేసుకోవాలి. సాయంత్రం నేను వెళ్లేసరికి ముఖం గోడకు పెట్టి వండుతూ ఉంటుంది. "ఈ పొద్దు ఎవరొచ్చినారు? ఏం మాట్లాడినారు?" అని ఒకటే అడుగుతుంది. పని చేసి వచ్చినవాణ్ణి, విసుక్కునేవాణ్ణి.

పునాదికి ముగ్గు పోసే రోజు వచ్చింది. మా తమ్ముడి కొడుకు జీవా నాతోనే మేస్త్రి పని చేస్తాడు. వాడు దారం పట్టాడు, నేను సున్నం పోశాను. పొద్దున తొమ్మిదికల్లా గదులన్నీ నేల మీద తెల్లగా తేలాయి.

"రావే, నీ ఇంట్లో తిరుగు" అని అంబుజాన్ని పిలిచాను.

ఆమె గీతలు దాటలేదు. వాకిలి వదిలిన చోటునుంచే లోపలికి వచ్చింది. పోర్టికో, హాలు చూసుకుంటూ వెనక వంటింట్లోకి వెళ్లి, అక్కడే నిలబడిపోయింది. ఎదురుగా, రెండు మూరల దూరంలో పక్కింటివాళ్ల గోడ.

"ఏం, నచ్చలేదా?"

"నువ్వు రా మామా. ఈడ నిలబడు."

"నేనెందుకే?"

"సోరు ఉడికి, పులుసు కాగేదాకా నిలబడు. మొకం ఆ గోడ తట్టు. ఎనక్కి తిరగకూడదు. అంతసేపు నేను పోర్టికోలో కూర్చుంటా."

జీవా కిసుక్కున నవ్వాడు. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు పంతం కూడా వస్తుంది. అన్నం, పులుసు అయ్యేదానికి ముప్పావు గంట, అదొక లెక్కా అని వెళ్లి నిలబడ్డాను.

పక్కింటి గోడకు పూత లేదు. వరసలు వంకరగా ఉన్నాయి. కట్టినవాణ్ణి ఐదు నిమిషాల్లో తిట్టడం అయిపోయింది. ఆ తర్వాత చూడ్డానికి ఏమీ లేదు. వీపు మీద ఎండ మొదలైంది.

వెనకాల ఏదో బండి ఆగింది. ఎవరో మగమనిషి అంబుజంతో మాట్లాడుతున్నాడు. ఆమె ఏదో అంది. ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. నా పేరు కూడా వినబడింది.

"ఎవరే అది?" అని అరిచాను.

"పులుసు ఇంగా కాగలేదు మామా."

మళ్లీ నవ్వులు. కాసేపటికి బండి వెళ్లిపోయింది. నా స్థలంలోకి ఒక మనిషి వచ్చాడు, నవ్వాడు, పోయాడు. నేను ముఖం కూడా చూడలేదు. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చినంత పనైంది. ముప్పావు గంట కూడా కాకుండానే నాకు ఇట్లా ఉంటే ఆమెకు రెండేళ్లు.

గీతలు తొక్కుకుంటూ ముందుకు వచ్చేశాను. "ఎవరొచ్చినారు? ఏం మాట్లాడినారు?" రోజూ ఆమె అడిగే మాటలే నా నోట వచ్చాయి.

"అంజప్పన్న. ముందు నీతో పని చేసినోడు. మనవడు పుట్టినాడంట. మామ గోడకేసి ఏం చేస్తా ఉండాడని అడిగినాడు. సోరు వండతా ఉండాడని చెప్పినా."

జీవా మళ్లీ నవ్వాడు. అంబుజం నవ్వలేదు.

"నొప్పులు అలవాటైనాయి మామా. మనిషి మొకం కనబడకుండా ఉండేదే అలవాటు కాలేదు. కొత్తింట్లో కూడా గోడే అంటే నేను రాను. నువ్వే పోయి ఉండు."

అరిచి చెప్పి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. మెల్లగా చెప్పింది. అందుకే భయం వేసింది.

పొయ్యి ఆగ్నేయంలో ఉండాలని ఊరందరికీ చెప్పి కట్టిన మేస్త్రిని నేను. తూర్పు వాకిలి ఇంటికి ఆగ్నేయమంటే వీధి మూలే. నా సొంత ఇంటికి మాత్రం అక్కడ కారు పెట్టాను, లేని కారును. కాలితో పోర్టికో గీతలు చెరిపేశాను.

"పెద్దప్పా, ఇంజనీరు బొమ్మ?" అన్నాడు జీవా.

"బొమ్మలో కారు ఆయప్పనే నిలబెట్టుకోమను."

వంటిల్లు ముందుకు వచ్చింది. కూర్చుని వండేటట్టు గట్టు రెండడుగుల ఎత్తే అనుకున్నాం. స్తంభాలు మాత్రం నేను వదల్లేదు. కిటికీకి అటొకటి, ఇటొకటి. అందం కూడా ఉండాలి కదా.

వీధి వైపు గోడ దగ్గర సున్నం పట్టుకుని ఆగాను. "కిటికీ యాడ పెట్టాల?" అని అంబుజాన్ని అడిగాను. ముప్పై ఏళ్లు నెత్తిన ఇటుకలతో వచ్చి ఆమె నన్ను అడిగిన మాటే అది, 'యాడ పెట్టాల?' అని. నేను తల తిప్పకుండా వేలు చూపించేవాణ్ణి.

ఆమె వేలు చూపలేదు. నా చేతిలో సున్నం తీసుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, ఈ మూల నుంచి ఆ మూల దాకా పోసింది.

"అంత కిటికీ అయితే గోడ యాడ మిగిలేది?" అన్నాను.

"గోడ శానా చూసినా మామా" అంది.