చేతులు ఆపమన్నారు

నిరోషాకు పుట్టుకతోనే వినపడదు. ఆమె భర్త ఇమ్మానుయేలుకూ అంతే. తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టే మిషన్ల మధ్య రోజంతా పనిచేసి తోటివాళ్లు తలనొప్పితో ఇల్లు చేరితే, అతను మాత్రం నిమ్మళంగా వస్తాడు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు, చేతులతోనే పోట్లాడుకుంటారు. కరెంటు పోతేనే ఆ ఇంట్లో మాట ఆగేది.

వాళ్ల బిడ్డ రుచితకూ వినపడదని ఏడాది నిండకముందే తేలింది. నిరోషాకు అది పెద్ద దుఃఖమనిపించలేదు. అప్పటికే పిల్ల పిడికిలి మూసి తెరిచి పాలు అడగడం నేర్చింది. దుఃఖమంతా అత్త మొగులమ్మది. ఆమెకు వినపడుతుంది. కొడుకుతో ఇన్నేళ్లున్నా చేతిభాష అంతంతమాత్రమే. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి చెవి లోపల మిషన్ పెడతారని, తర్వాత వికారాబాద్‌లో మాటలు నేర్పుతారని ఎవరో చెప్పగా విని పట్టుబట్టింది.

నిరోషా చాన్నాళ్లు ఒప్పుకోలేదు.

"మనకేం తక్కువ?" అని భర్తను చేతులతో అడిగింది.

"ఏం తక్కువ లేదు. కాని పాలిష్ కాడ తప్ప నాకు వేరే పని ఎవలిచ్చిండ్రు? దానికి రెండు తొవ్వలుండనీ," అన్నాడు ఇమ్మానుయేలు.

నిరోషా ఒప్పుకుంది. ఆపరేషన్ అయింది. మిషన్ ఆన్ చేసిన రోజు రుచిత ఉలిక్కిపడి ఏడ్చింది. మొగులమ్మ సంతోషంతో ఏడ్చింది. నిరోషా ఆ రెండు ముఖాలనూ చూస్తూ నిలబడింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మాటలు నేర్పే పద్మారాణి మేడమ్ మంచి మనిషే. "అమ్మా, ఇంట్ల చేతులతోని మాట్లాడుడు బంద్ జేయాలె. సైగలకు అలవాటైతే పిల్ల నోరు తెరవది," అని మొగులమ్మకు చెప్పింది. మొగులమ్మ కోడలివైపు తిరిగి రెండు చేతులూ కట్టుకుని చూపింది.

నిరోషా కొన్నాళ్లు అట్లాగే చేతులు కట్టుకుంది. పిల్ల చేతులాడిస్తే మొహం తిప్పుకునేది. రుచిత వచ్చి తల్లి వేళ్లు విప్పబోయేది. తర్వాత తర్వాత అదీ మానేసింది. ఒక పొద్దున పిల్లకు జ్వరం వచ్చింది. ఎక్కడ నొప్పో చెప్పడానికి ఇంకా మాట రాదు, చెయ్యెత్తితే తల్లి చూడదు. గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. నిరోషా ఆమెను ఇటు తిప్పుకుని, "యాడ నొస్తుంది?" అని చేతులతో అడిగింది. పిల్ల చాలాసేపు తల్లి చేతులనే చూసి, తన గొంతు చూపింది.

జ్వరం తగ్గాక అత్తను, పిల్లను వెంటబెట్టుకుని నిరోషా వికారాబాద్ రైలెక్కింది. పద్మారాణి ఎదుట కూర్చుని నెమ్మదిగా సైగలు చేసింది. మొగులమ్మ తడుముకుంటూ, రెండోసారి చేయించుకుని మరీ, నోటితో చెప్పింది. "మాటలు మీరు నేర్పుండ్రి, అత్త నేర్పుతది అంటుంది. మరి నేను నా బిడ్డతోని ఎట్ల మాట్లాడాలె అని అడుగుతుంది, మేడమ్."

పద్మారాణి రుచితను దగ్గరికి తీసుకుంది. "నాకు నేర్పినోళ్లు గట్లనే చెప్పిండ్రు. కాని తల్లిని మూగగుండుమనుడు నాతోని గాదు. మాటలు జర లేటు గావచ్చు. దానికి తయారుగుండుండ్రి."

మాటలు ఆలస్యంగానే వచ్చాయి. తోటి పిల్లలు పాటలు పాడుతుంటే రుచిత ఇంకా "నానమ్మ" అనడానికే తంటాలు పడేది. నా కోసం బిడ్డను వెనకపడేలా చేశానా అని నిరోషాకు గుబులు. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మొన్న రుచిత అంగన్‌వాడీ నుంచి వస్తూనే నానమ్మకు ఏదో చెప్పి పడీపడీ నవ్వింది. పొయ్యి దగ్గరున్న నిరోషా, అడగాలా వద్దా అని ఆగింది. పిల్ల ఆమెను చూసి దగ్గరికొచ్చి, అంతా మళ్లీ మొదటినుంచి చేతులతో చెప్పింది. టీచరమ్మ కుర్చీలో పిల్లి పడుకుందట.

మొగులమ్మ కోడలికి సైగ చేసింది, ఈసారి తడుముకోకుండా. "నోటితోని చెప్తే గా పిల్లి చిన్నగనే ఉండె. నీకు చెప్పేసరికి పులంత అయింది."