నీళ్ల మట్టం

సారయ్య పైపు కొనను పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా ఊదాడు. రెండో కొన నుంచి నిన్నటి తడి, దాని వెంట ఒక చీమ బయటికి వచ్చాయి. ఇంకోసారి ఊదితే గానీ పైపు పూర్తిగా ఖాళీ కాలేదు. మొన్నటి దాకా ఒక్క ఊపిరి సరిపోయేది. ఆయన కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, ఆ తర్వాత పైపును అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టలుగా చుట్టడం మొదలుపెట్టాడు. మేస్త్రీలు నీళ్లు నింపి మట్టం చూసే పైపు అది, వేలంత లావు, యాభై అడుగుల పొడవు. ఒకప్పుడు అద్దంలా ఉండేది, ఇప్పుడు పాత గోరులాగా పసుపు తిరిగింది.

"పొద్దుగాల లేస్తే గా పైపుకే ముద్దు పెడ్తవు," అంది గంగి, చాయ్ గ్లాసు గడప మీద పెడుతూ. "నలభై ఏండ్ల సంది నీతోని సంసారం జేస్తున్న. నాకు లేదు గా భాగ్యం."

"నువ్వు లెవెల్ చూపిస్తవా?"

"నీ లెవెల్ నాకు ఎరుకనే గని, చాయ్ తాగు."

ఆయన నవ్వి, చాయ్ తాగి, తెల్ల చొక్కా వేసుకున్నాడు. జేబులో పెన్సిలు, చిన్న స్క్రూడ్రైవరు ఉన్నాయో లేదో తడిమి చూసుకున్నాడు. ఏడు గంటలకు స్రవంతి కారు సందు మొదట్లో ఆగింది.

స్రవంతి ఇన్సూరెన్సు సర్వేయరు. ఇల్లు కూలినా, దుకాణం కాలినా, నష్టం నిజమా, ఎంతమేర అన్నది చూసి కంపెనీకి రిపోర్టు రాసే పని. ముప్పై ఏళ్లు కూడా లేవు. సారయ్య ఆమె వెంట టేపు పట్టుకునే మనిషి. అంతకుముందు పదహారేళ్లు పాత సర్వేయరు భాస్కర్ సారు దగ్గర పట్టాడు. దానికి ముందు సుతారి పని. జనగామ నుంచి పాలకుర్తి దాకా ఇటుక మీద ఇటుక పేర్చి ఎన్ని ఇళ్లు కట్టాడో ఆయనకే గుర్తులేదు. ఒకసారి పరంజా విరిగి కిందపడ్డాక కుడి మోకాలు వంగడం మానేసింది. ఆ సంవత్సరమే భాస్కర్ సారు కాలిపోయిన ఒక దుకాణం దగ్గర ఆయన్ని చూశాడు. మంటకు పగిలిన ఇటుకలు ఇవి, అంతకుముందే పగిలినవి అవి అని, ఎవరూ అడగకుండానే రెండు కుప్పలుగా వేరు చేస్తున్నాడు. మరునాడే టేపు చేతికిచ్చాడు.

భాస్కర్ సారు పని మానుకున్నాక సారయ్య కూడా మానుకుంటాడని స్రవంతి అనుకుంది. ఆమె దగ్గర ఎర్ర చుక్క వేసి దూరం చెప్పే పరికరం ఉంది. సారయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మంచిగుంది మేడం, దీనికి అన్నం పెట్టే పని గూడ లేదు," అన్నాడు. మరునాడు యథాప్రకారం పైపు భుజాన వేసుకుని వచ్చాడు.

పాలకుర్తి దాటుతుంటే ఆయన కిటికీ అద్దం దించాడు. తాను కట్టిన ఇళ్లు రోడ్డు పక్కన ఒకటీ అరా కనిపిస్తాయి. ఆయన వాటి ముంగిళ్లను చూడడు. స్లాబు అంచుల కింద తడి మరకలున్నాయా అని చూస్తాడు. ఒక ఇంటి దగ్గర ఆయన మెడ కాస్త వెనక్కి తిరిగింది.

"మీరు కట్టిందేనా?" అంది స్రవంతి.

"కట్టింది నేనే. మీద గా ట్యాంకి పెట్టింది నేను గాదు," అన్నాడు నొచ్చుకుంటూ.

కురవి దాటాక వాగు పక్క ఊరు. వాగు పొంగి పదకొండు రోజులైంది. క్లెయిము పెట్టిన కొమురమ్మ ఇల్లు మూడు మెట్ల ఎత్తు మీద ఉంది. గడప ముందు తాజా ముగ్గు. లోపల అడుగు పెట్టగానే సున్నం వాసన ముక్కుకు తగిలింది. గోడలన్నీ పెళ్లింటి గోడల్లా తెల్లగా ఉన్నాయి. ఫొటో తీయబోయిన స్రవంతి ఫోను దించేసింది.

"ఇదేందమ్మా? వరద నీళ్ల మరకలేవి?"

"ఆఫీసరమ్మ వస్తదని మా కొడుకు యుగేందర్ ఫోన్ జేసిండు బిడ్డా," అంది కొమురమ్మ, కొంగుతో కుర్చీ తుడుస్తూ. "గంత బురద ఇల్లు నీకెట్ల చూపెడ్త? మూడు దినాలు గీకిన. నాలుగో దినం సున్నమేసిన. రెక్కలు పడిపోయినయి."

ఆమె ముఖంలో మెప్పు కోసం ఎదురుచూపు ఉంది. స్రవంతి ఆమె తుడిచిన కుర్చీలో కూర్చుంది.

వంటింటి వెనక గోడ సగానికి పైగా కూలిపోయింది. కూలిన ఇటుకల్ని కూడా కొమురమ్మ కడిగి వరుసగా పేర్చింది. స్లాబు మూల కింద ఒక తుమ్మ మొద్దు నిలబెట్టి ఉంది. ఆ మొద్దే మూలను మోస్తోంది. దాని పక్కనే పొయ్యి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"ఫొటోలు ఏమన్నా తీసి పెట్టిండ్రా?" అంది స్రవంతి.

"నా ఫోన్ల ఫొటో పడది. మాట్లాడుడే దానికి భారం."

"పక్కింటి రాజు గోడకు మరక ఉంది, చూసిన. కానీ వాళ్ల ఇల్లు పల్లంలో ఉంది పెద్దమ్మా. మీది మూడు మెట్లు ఎత్తు. మీ ఇంట్లకు నీళ్లు వచ్చినయని గుర్తు కావాలె. లేకుంటే గోడ పాతబడి కూలిందంటరు. క్లెయిము నిలవదు."

కొమురమ్మకు అప్పుడర్థమైంది. తన చేతులవైపు చూసుకుంది. గోళ్ల చుట్టూ సున్నం తిన్న చర్మం ఇంకా తెల్లగా ఉంది. "అంటే నేను కడుక్కునుడే తప్పాయెనా?" అంది. ఆ మొద్దువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "వానలు ఇంక పోలే బిడ్డా. గది ఎన్ని దినాలు మోస్తది?" అంది.

స్రవంతి కలం 'నష్టానికి ఆధారం' అన్న గడి మీద ఆగిపోయి ఉంది.

సారయ్య వీళ్ల మాటలు విన్నాడో లేదో తెలియదు. ముందుగదిలో గోడ వెంట నెమ్మదిగా నడుస్తున్నాడు. మడత పడని కాలును పక్కకు చాచి వంగుతూ, తలుపు చట్రం వెనకా, మూలల్లోనూ వేలితో రాస్తున్నాడు. ఎక్కడా ఏమీ లేదు. కొమురమ్మ పనితనం అలాంటిది. చివరికి నడుము ఎత్తులో, కూలర్ కోసం బిగించిన ప్లగ్గు పెట్టె దగ్గర ఆగాడు. దాని మూతను కూడా ఆమె తళతళా తుడిచింది. ఆయన జేబులో స్క్రూడ్రైవరును తాకాడు గానీ బయటికి తీయలేదు.

"చెల్లె, ఒక చెంబు నీళ్లియ్యి. జర పసుపు గూడ."

పసుపు కలిపిన నీళ్లు పైపులోకి ఎక్కాయి. ఆయన గాలి బుడగల్ని వేలితో తట్టి తట్టి పైకి తరిమాడు. రెండు కొనలూ పక్కపక్కన పట్టి, పసుపు గీతలు సమంగా నిలిచేదాకా చూశాడు. ఒక కొనను స్రవంతికిచ్చి రాజు గోడ దగ్గరికి పంపాడు. రెండో కొన పట్టుకుని గడప దాటి ఇంట్లోకి వచ్చాడు.

"నేనేం జెయ్యాలె అన్నా?" అంది కొమురమ్మ.

"పైపు తొక్కకు. కోళ్లను తొక్కనియ్యకు. గంతే."

కొమురమ్మ కొంగు నడుముకు బిగించి, వాకిట్లో పైపు పక్కన కావలి నిలబడింది.

"మేడం, మరక మీద నీళ్లు నిలిచినయా?" లోపలి నుంచి కేకేశాడు.

"కొంచెం కిందున్నయి!"

"ఇప్పుడు?"

"ఆ... ఆ... ఆగండి! నిలిచినయి!"

సారయ్య ఊపిరి బిగబట్టి, నీళ్లు ఊగడం ఆగాక, తెల్లటి గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. పక్కకు జరిగి ఇంకోటి. రెండింటినీ కలిపాడు. గీత ప్లగ్గు పెట్టె మీదికి వచ్చి, సరిగ్గా దాని నడుమ నుంచి పోయింది. అప్పుడు ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. కరెంటు మెయిను ఆపించి, వాళ్ల ముందే మరలు విప్పాడు.

పెట్టెలో కింది సగం ఎండిన ఒండ్రుమట్టి బీటలు వారి ఉంది. పై సగంలో పాత సాలెగూడు ఒక్క పోగు కూడా తెగకుండా ఉంది. రెండింటి మధ్య సరిహద్దు, గోడ మీది పెన్సిలు గీత, ఒకే వరుసలో ఉన్నాయి.

ముందు కొమురమ్మే తేరుకుంది.

"అయ్యో, గీడ తుడుచుడు మర్శిన," అంది సిగ్గుపడుతూ.

స్రవంతికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఫొటోలు తీసింది. ఇంకో పది నిమిషాలు ఆగకపోతే ఆ గడిలో 'లేదు' అని రాసి ఉండేది.

ఆ తర్వాత ఫారం అంతా ఒక్కొక్కటే చదువుతూ వచ్చింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే కొడుకు యుగేందర్ అక్కడి నుంచే నింపి పంపిన ఫారం అది. గోడ, తలుపు, బియ్యం డబ్బా, టీవీ.

సారయ్య తల ఎత్తాడు. టీవీ పెట్టిన అర ఆ గీతకు మూరెడు పైన ఉంది.

"చెల్లె, టీవీ తీసేయించు. నీళ్లు గంతదాక రాలే."

"పిల్లగాడు రాసిండు అన్నా. వరదల ఒక టీవీ ఎక్కువనా అన్నడు."

"గీ గీతనే నీ గోడకు సాక్ష్యం. గోడ కాడ దీన్ని నమ్ముండ్రి అని మేడంకు చెప్పి, టీవీ కాడ నమ్మకుండ్రి అని ఎట్ల చెప్పాలె?"

కొమురమ్మ కాసేపు గీతను చూసింది. "కొట్టెయ్యి బిడ్డా," అంది స్రవంతితో. "అయినా గది వానలకంటె ముందే ఆగమైంది."

వెళ్లే ముందు చాయ్ పోస్తూ ఆ పాలసీ కథ కూడా చెప్పింది. బ్యాంకులో ఇంటి లోను తీసుకున్నప్పుడు దానితో పాటు అంటగట్టారట. "ఎందుకు దండుగని రద్దు చేయనీకి రెండుసార్లు పోయిన. ఒకసారి సంతకం పెట్టే సారు లేడు. ఇంకోసారి సారున్నడు, కాయిదం లేదు. గట్ల బతికింది గిది."

సారయ్య పైపు చుట్టబోయి ఆగాడు. "గోడ కట్టే మేస్త్రి కండ్లతోని చూసి కడ్తడా, లెవెల్ పెడ్తడా?"

"ఆయన కాడ తాపీ ఒక్కటే ఉన్నది."

ఆయన రెండు కొనలూ పైకి ఉండేలా దారంతో కట్టి, నీళ్లు పారబోయకుండానే పైపును గోడ మేకుకు తగిలించాడు. "మొదటి వరుస దీంతోని చూసుకోమను. మొదటి వరుస తప్పితే మీద ఎంత మంచిగ కట్టినా వంకరనే. గోడ అయినంక చూడనీకి మళ్ల రావాలె గద. అప్పుడు తీస్కపోత."

ఆ పైపును ఆయన ఇంకొకరి చేతిలో వదలడం స్రవంతి ఎన్నడూ చూడలేదు.

తొర్రూరు దగ్గర కారు ఆపి ఆమె రిపోర్టు చివరి పేజీ నింపింది. 'కొలిచినవారు' అన్న చోట రెండేళ్లుగా తన పేరే రాసుకుంటోంది. ఈసారి ఆగి, వేరే పేరు రాసింది.

"ఏం రాస్తున్నరు మేడం?"

"మీ పేరు."

"నా పేరెందుకు? కొలిచింది నీళ్లు," అన్నాడు సారయ్య. కాసేపయ్యాక, "ఇంటి పేరు గూడ రాసిండ్రా?" అని అడిగాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా చీకటి పడలేదు. గంగి పెట్టిన అన్నం సగం తిని, అలసటగా ఉందన్నాడు. భుజం ఖాళీగా ఉండడం చూసి గంగి, "నా సవతి ఏది?" అంది. "పనికి పోయింది," అన్నాడు.

తెల్లారి గంగి చాయ్ గ్లాసు గడప మీద పెట్టి ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు. లోపలికి వెళ్లి మంచం పట్టె మీద కూర్చుని, చల్లబడిన ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. బయట చాయ్ మీద మీగడ కట్టింది.

క్లెయిము మంజూరైంది. రెండు నెలలకు, మరమ్మతు చూడడానికి స్రవంతి ఒక్కతే వచ్చింది. గోడ నిలబడింది. మొద్దు వాకిట్లో కట్టెల్లో చేరింది. మొదటి వరుస ఇటుకల మీద ఆమె చెయ్యి పెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా నడిచింది.

"అన్న రాలేదా బిడ్డా?"

స్రవంతి చెప్పింది. కొమురమ్మ ఆ గోడ పక్కనే కింద కూర్చుంది. "పైపుల నీళ్లు పారబోయబుద్ధి గాలే. ఆయన వచ్చినంకనే అనుకున్న," అంది.

ముందుగది మేకుకు పైపు మళ్లీ ఆ రోజు తగిలించినట్టే ఉంది. దారంతో కట్టిన రెండు కొనల్లోనూ పసుపు నీళ్లు కాస్త తగ్గాయి, కానీ ఇటూ అటూ ఒకే ఎత్తులో నిలిచి ఉన్నాయి.