కాదన్నవారిదే ఆధిక్యం

శాసనసభలో అందరికంటే చిన్నవాడైన ఆ సభ్యుడికి, తన తొలి ప్రసంగాన్ని అద్దం ముందు తడబడకుండా అప్పజెప్పుకున్న మర్నాడే, దాన్ని చేసే అవసరం లేకుండా చేసే గౌరవం దక్కింది.

అంతకుముందు సాయంత్రం అతడు బుద్ధిమంతుడిలా వెళ్లి పార్టీ విప్‌ను కలిశాడు. ఎవరు ఎక్కడున్నా ఓటింగు వేళకు సభలోకి తోలుకురావడం ఆ పెద్దమనిషి పని.

"అన్నా, రేపు ఆరోగ్య కేంద్రాల బిల్లు మీద నేను మాట్లాడతాను."

"మాట్లాడు తమ్ముడూ, మాట్లాడక! దేన్ని గురించి?"

"నాలుగో క్లాజు గురించి. తీసేయమని."

విప్ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలు మురికిపట్టినప్పుడు కాక, ఆలోచించాల్సి వచ్చినప్పుడు ఆయన వాటిని తుడిచేవాడు. "అది మన బిల్లే కదా నాయనా."

"మన బిల్లే అన్నా. మా ఊరి పురుడు వార్డు కూడా మనదే కదా."

"భేష్! పాయింటుంది. హాయిగా పడుకో, రేపు చూద్దాం."

నాలుగో క్లాజులో మూసివేత అన్న మాట ఎక్కడా లేదు. చిన్న ఊళ్లలోని ప్రసూతి వార్డులు పెద్దాసుపత్రులతో 'అనుసంధానం' అవుతాయని మాత్రమే ఉంది. అతడి ఊరి వార్డు అనుసంధానం కావలసిన పెద్దాసుపత్రి రైల్వే గేటుకు అవతల ఉంది. ఒకసారి గేటు పడిందంటే అది మళ్లీ లేవడం గూడ్సు బండి దయ. పుట్టబోయే బిడ్డలకు ఈ సంగతి తెలియదు కాబట్టి, కాన్పు కష్టమని ఇప్పటికే అటు పంపినప్పుడు కొందరు గేటు దగ్గర ఆగిన ఆటోల్లోనే పుట్టేశారు.

ఆ వార్డులో నర్సు అతడి అక్క. పార్టీలో ఇద్దరు పెద్దలు ఒకే టికెట్టు కోసం కొట్టుకుని, ఒకరికి దక్కడం ఇంకొకరికి గిట్టక, ఇద్దరికీ ప్రమాదం లేనివాడని కాలేజీ పాఠాలు చెప్పుకునే ఈ కుర్రవాడిని నిలబెట్టినప్పుడు, అతణ్ణి గెలిపించింది ఆవిడే. ప్రభుత్వోద్యోగి ప్రచారం చేయకూడదు కనుక ఆవిడ ప్రచారం చేయలేదు. డ్యూటీ దిగాక, తన చేతుల మీదుగా పుట్టిన పిల్లల బాగోగులు కనుక్కుంటూ ఇంటింటికీ తిరిగి, వస్తూ వస్తూ గడప దగ్గర "మా తమ్ముడు నిలబడ్డాడు" అని మాత్రం చెప్పివచ్చేది. ప్రచారం చివరిరోజున అతడు వార్డు వరండాలో స్టూలెక్కి, "నేనుండగా ఈ తలుపు మూతపడదు" అని మాటిచ్చాడు. స్టూలు ఊగుతుంటే కాలు అడ్డం పెట్టి ఆపింది కూడా అక్కే.

మర్నాడు ఉదయం సభాపతి ఒక ప్రకటన చదివాడు. తాను లేని వేళల్లో సభను నడిపే సభ్యుల జాబితాలో ఒక కొత్త పేరు చేరిందనీ, భోజన విరామం తర్వాత ఆ యువకుడే అధ్యక్ష స్థానంలో కూర్చుంటాడనీ దాని సారాంశం. బల్లలు చరిచారు. విప్ అందరికంటే గట్టిగా చరిచాడు.

కుర్రసభ్యుడు నడవాలో ఆయన్ని పట్టుకున్నాడు. "అన్నా, నేను ఇవాళ మాట్లాడాలి."

"పైన కూర్చున్నాక మాట్లాడకూడదు తమ్ముడూ. ఆ కుర్చీకి పక్షం ఉండదు."

"అయితే కుర్చీ వద్దు."

"వద్దంటావా?" విప్ నొచ్చుకున్నాడు. "ఇంత చిన్న వయసులో ఎవరికైనా దక్కిందా? మీ ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. అమ్మగారు ఏడ్చేశారు తెలుసా!"

అమ్మ ఏడ్చిందన్నాక అతడు ప్రసంగం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

భోజనం తర్వాతి సభ పెళ్లివారు తరలిపోయిన విడిదిల్లులా ఉంది. ప్రభుత్వ పక్షపు వరుసల్లో అక్కడొకరు ఇక్కడొకరు, మిగిలినవారంతా క్యాంటీన్లో. ముందు వరుసలో ఆరోగ్యమంత్రి బిల్లు ప్రతిని గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. శ్వాస ఆడుతున్నప్పుడల్లా నాలుగో క్లాజు లేస్తూ పడుతూ ఉంది. ఎదురు పక్షం వాళ్లు మాత్రం నిండుగా వచ్చి కూర్చున్నారు, ఆ రోజు క్యాంటీన్ బల్లలన్నీ ప్రభుత్వ పక్షమే ఆక్రమించుకుంది కనుక. వాళ్ల నాయకుడిని అందరూ ఉరుముగారు అనేవారు. ఆయన గొంతు విప్పితే మైకు ఆపేయమని ఆపరేటర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు; అదే మూగబోయేది.

కుర్రసభ్యుడు ఎత్తయిన కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు నేలకు సరిగా ఆనలేదు. కింద కూర్చున్న సభా కార్యదర్శి, ఒక్కో క్లాజుకు ఏం పలకాలో టైపు చేసిన చీటీలు అందిస్తున్నాడు. పెద్ద చదువు చదివినవాడు కావడంతో అతడు వాటిని చివరికంటా చదివాడు. 'అనుకూలురు అవును అనండి. ప్రతికూలురు కాదు అనండి. అవునన్నవారిదే ఆధిక్యం. క్లాజు ఆమోదం పొందింది.' చప్పుడు ఇంకా పుట్టకముందే ఎవరి గొంతు పెద్దదో చీటీకి తెలుసు.

అతడు వంగి నెమ్మదిగా అడిగాడు. "కాదన్నవారు ఎక్కువైతే ఏమనాలండీ?"

కార్యదర్శి చీటీల కట్టను అటూ ఇటూ తిరగేశాడు. "ఎప్పుడూ అవసరం పడలేదు సార్."

మొదటి మూడు క్లాజులు చీటీ ప్రకారమే నడిచాయి. నాలుగోది వచ్చింది. మూజువాణి ఓటంటే చేతులు లెక్కపెట్టేది కాదు. అరుపులు విని, ఎటువైపు ఎక్కువో అధ్యక్షుడు తన చెవిని నమ్మి చెప్పేది. మాట్లాడే హక్కు పోయిందని పొద్దుటినుంచి కుమిలిపోతున్న అతడికి, వినే హక్కు మిగిలే ఉందని అప్పుడు తట్టింది. అక్క ఈపాటికి వార్డులో టీవీ ముందు ఉంటుంది.

"అనుకూలురు అవును అనండి."

"అవును," అన్నారు కొందరు. అందులో ఒకటి ఆవులింత.

"ప్రతికూలురు కాదు అనండి."

"కాదు!" అని ఉరిమింది ఎదురుపక్షం. కిటికీ అద్దాలు కదిలాయి. ఆరోగ్యమంత్రి కళ్లు తెరిచి, మళ్లీ మూశాడు.

కుర్రసభ్యుడు చీటీని బోర్లించాడు. స్పష్టంగా అన్నాడు: "కాదన్నవారిదే ఆధిక్యమని నా అభిప్రాయం."

ఎవరూ కాదనకపోతే ఆ మాటే ఇంకోసారి అనాలి, క్లాజు వీగిపోతుంది. అతడు గుక్క తిప్పుకునే లోపే ఉరుముగారు బల్ల గుద్ది లేచారు.

"అన్యాయం! ఇది ప్రజాస్వామ్యమా? డివిజన్ కావాలి! తలలు లెక్కపెట్టాలి!"

ఆయన వెనక వరుసలన్నీ ఒక్క ఊపున లేచాయి. "డివిజన్! డివిజన్!"

అధ్యక్ష స్థానం ఏం చెప్పినా లేచి అభ్యంతరం చెప్పడం వాళ్లకు ఎంతగా అలవాటైపోయిందంటే, చెప్పిందేమిటో వినే శ్రమ ఎన్నడో మానేశారు. ఒక్క కొత్త సభ్యురాలు మాత్రం ఉరుముగారి చొక్కా పట్టుకుని లాగింది. "అయ్యా, అయ్యా! మనమే గెలిచామయ్యా!"

"కూర్చోవమ్మా! గెలిచామట! ఏనాడు గెలవనిచ్చారు మనల్ని?"

కుర్రసభ్యుడు మైకు దగ్గరికి వంగాడు. "గౌరవ సభ్యులు నేను చెప్పింది విన్నారా?"

"విన్నాం! పుట్టినప్పటి నుంచి వింటున్నాం!"

"తమ డిమాండును వెనక్కి తీసుకుంటే..."

"చచ్చినా తీసుకోం!"

ఇంతకంటే చెబితే పక్షం వహించినట్టవుతుందని కార్యదర్శి చూపుతోనే హెచ్చరించాడు. డివిజన్ అడిగాక, బయటున్న సభ్యులను పిలిచే గంట కొట్టక తప్పదు. గంట మోగింది. ఆ మోత నడవాలు దాటి క్యాంటీన్లో పడింది. మూతులు తుడుచుకుంటూ, చెప్పులు ఈడ్చుకుంటూ ప్రభుత్వ పక్షమంతా పరిగెత్తుకొచ్చింది. ఒకాయన టీ గ్లాసుతో సహా వచ్చి, తలుపు దగ్గర దాన్ని బంట్రోతు చేతిలో పెట్టి తన సీట్లో పడ్డాడు. తలుపులు మూశారు. తలలు లెక్కపెట్టారు. అప్పటికి ఉరుముగారికి సంగతి బోధపడి, సభలో మొదటిసారిగా మాట లేకుండా కూర్చున్నారు.

కార్యదర్శి చీటీని తిప్పి మళ్లీ అతడి ముందు పెట్టాడు. అందులో ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు. "అవునన్నవారిదే ఆధిక్యం," అని అతడు చదివాడు. "క్లాజు ఆమోదం పొందింది."

సభ ముగిశాక విప్ నడవాలోనే అతణ్ణి కావలించుకున్నాడు. "ఏం బుర్ర తమ్ముడూ! మనవాళ్లు లోపల లేరని చూసి, ఉరుమును ఉరిమించి గంట కొట్టించావా? నాకే తట్టలేదు!"

"లేదన్నా. నిజంగానే కాదన్నవాళ్లు గట్టిగా అరిచారు. నాకు వినపడింది చెప్పాను."

విప్ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "అదీ! అచ్చం ఇలాగే చెప్పు, ఈ మొహంతోనే. పత్రికలవాళ్లడిగినా ఇదే చెప్పు."

అతడు పత్రికలవాళ్లకు అదే చెప్పాడు. 'చాణక్యం దాచుకునే వినయం' అని మెచ్చుకున్నారు. ఉరుముగారు సైతం మెట్ల మీద ఎదురై, "నన్నే బోల్తా కొట్టించావు కదయ్యా! పైకొస్తావు," అని దీవించారు. నిజాన్ని ఎన్నిసార్లు చెబితే అంత పెద్ద మాయగాడన్న పేరొచ్చింది. కొన్నాళ్లకు అతడు చెప్పడం మానేసి నవ్వి ఊరుకోవడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఒక విందులో, మంత్రులు చుట్టూ చేరి అడిగితే, "ఉరుముగారి సంగతి నాకు తెలియదా ఏంటి!" అనేశాడు. గొల్లున నవ్వారు. ఆ నెలాఖరుకే అతణ్ణి ఉప విప్‌ను చేశారు. కారిచ్చారు, కారు వెనక ఇంకో కారిచ్చారు.

ఆ రెండు కార్లతోనే అతడు వార్డు ఖాళీ చేస్తున్న రోజున ఊరికి వెళ్లాడు. వరండా ముందు లారీ నిలబడి ఉంది. మంచాలు, ఊయల తొట్లు, బరువు తూచే త్రాసు బయట పెట్టారు. ఊరి పార్టీ నాయకుడు చేతులు తిప్పుతూ గుమిగూడినవాళ్లకు కథ చెబుతున్నాడు. "ఉరుమును ఉరిమించి గంట కొట్టించాడండీ మనవాడు! ఆ విందులో నేనూ ఉన్నాను. తన నోటితోనే చెప్పాడు!"

మంచం మీది పరుపు చుడుతున్న అక్క తలెత్తింది. "ఏరా, నిజమేనా?"

"అక్కా, లోపలికి రా, చెబుతాను."

"లోపలేం మిగల్లేదు. ఇక్కడే చెప్పు." ఆవిడ పరుపు కింద పెట్టింది. "ఆ రోజు నేను టీవీలో చూశాను. నువ్వు కాదన్నవాళ్లే ఎక్కువన్నావు. బాలింతలంతా చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి తన బిడ్డకి నీ పేరు పెడతానంది కూడా. అంతలో గంట మోగింది. మాకేం అర్థం కాలేదు. నా తమ్ముడు కాదన్నాడు, వాళ్లే ఏదో చేశారు అని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఈయనేమో ఇలాగంటున్నాడు."

"ఆ రోజు కాదన్నది నిజంగానే అన్నానక్కా. ఒట్టు. విందులో ఏదో మాటవరసకి అన్నాను."

అక్క అతడి మొహంలోకి చూసింది. నిజం చెబుతున్నాడు. కాని ఈపాటికి అదే మాటను అదే మొహంతో చాలామందికి చెప్పి ఉండటం వల్ల, అది పదే పదే ఉతికిన చొక్కాలా ఏ మడతా లేకుండా వచ్చింది.

"స్టూలెక్కి చెప్పినప్పుడు కూడా నీ గొంతు ఇలాగే ఉందిరా," అంది.

"అంటే నమ్మవా?"

"నమ్మితే ఏం చేయమంటావు? లారీ వాడు ఎదురుచూస్తున్నాడు." ఆవిడ మంచానికి ఒక కొస పట్టుకుంది. "గేటు పడకముందే పోవాలి. ఆ కొస పట్టుకో."

అతడు పట్టుకున్నాడు. ఇనప మంచం అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఇద్దరూ దాన్ని వరండా మెట్ల మీదుగా దింపుతుండగా ఊరి నాయకుడు ఎవరినో కేకేశాడు. "రావయ్యా, త్వరగా! అనుసంధాన పనుల్లో ఉప విప్‌గారు స్వయంగా! తియ్యి, తియ్యి!"

ఫొటోగ్రాఫరు ఎదురుగా వెనక్కి నడుస్తూ కెమెరా ఎత్తాడు. "సార్, ఇటు చూడండి. మేడమ్, మీరు కొంచెం పక్కకి."

"పక్కకి జరిగితే మంచం పడుతుందయ్యా," అంది అక్క.