బావమరిది గడ్డం

క్రిస్మస్ ఉదయం ప్రార్థన ముగించుకుని జనం ఇళ్ళకు మళ్ళుతున్న వేళ, అతను భార్య ఉంటున్న ఇంటి ముందు నిలబడ్డాడు. ఒకప్పుడు అది తన ఇల్లే. బెల్లు దాకా చెయ్యి లేచింది గాని వేలు కదల్లేదు. జైలు నుంచి వచ్చాక చాలాసార్లు ఈ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోయాడే తప్ప ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. పని ఇచ్చిన సెలూన్ యజమానే ఒకటే పోరు పెట్టాడు. పండగ పూట మొహాన తలుపు వెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు, ఇవాళ వెళ్ళకపోతే ఇక వెళ్ళినట్టే అన్నాడు.

చివరికి నొక్కాడు. తలుపు తీసింది కూతురు. అతను జైలుకు పోయేనాటికి నడుం దాకా ఉండేది. ఇప్పుడు అతని కళ్ళలోకి సూటిగా చూసేంత ఎత్తు. పోల్చుకోవడానికి ఆ పిల్లకు కాస్త సమయం పట్టింది.

“అమ్మని పిలుస్తాను. మీరు ఇక్కడే ఉండండి.”

నువ్వు రా నాన్నా, నువ్వు కూర్చో నాన్నా అని చొక్కా పట్టుకు లాగిన పిల్ల. అతను కేకు డబ్బా పట్టుకుని గుమ్మం బయటే ఉండిపోయాడు.

వెనక జరిగింది ఇదీ. అతనికి వ్యాను ఉండేది. బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని బీరువాలూ మంచాలూ ఇళ్ళకు చేరవేసేవాడు. ఒక సాయంత్రం తాగి నడుపుతూ బండిని కాలవలోకి బోర్లా పడేశాడు. తను కిటికీలోంచి బయటపడ్డాడు. బావమరిది నలిగిన తలుపు కింద ఇరుక్కుపోయాడు. అతను పరిగెత్తాడు, సాయం కోసం కాదు, పట్టుబడతానన్న భయంతో. దారిన పోయేవాళ్ళెవరో చూసి బయటికి లాగేసరికి ఆలస్యమైపోయింది. ఆనాటి నుంచి బావమరిదికి మెడ కింద ఏదీ కదల్లేదు. తాగి నడపడం అతనికి అది మొదటిసారి కాదు కనుక కోర్టు కనికరించలేదు. జైల్లో క్షవరం పని నేర్చుకున్నాడు. తోటి ఖైదీలు ‘మెత్తచెయ్యి’ అని పేరు పెట్టారు.

భార్య వచ్చింది. వేళ్ళకు తెల్లటి నురగ అంటుకుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. దారి పొడవునా వల్లె వేసుకున్న మాటలన్నీ అతనికి ఎగిరిపోయాయి. ఒకసారి చూసి పోదామని వచ్చానన్నాడు.

“నన్నడక్కు,” అంది ఆమె. “లోపల తమ్ముడున్నాడు. వాడు ఉండమంటే ఉండు, పొమ్మంటే పో.”

వెనక గదిలో కిటికీ పక్క మంచం. బావమరిది దిండ్లకు ఆనుకుని ఉన్నాడు, మొహం సగానికి నురగ, సగానికి గీసిన గడ్డం. దవడ మీద రెండు మూడు చోట్ల నెత్తురు చుక్కలు. దుప్పటి మీద చేతులు పెట్టినవి పెట్టినట్టే పడి ఉన్నాయి.



“అక్క గీసినప్పుడల్లా కోసేస్తోంది,” అన్నాడు బావమరిది. “నువ్వు జైల్లో ఇదే పని చేశావటగా. కానియ్.”

అతను చేతులు కడుక్కుని వచ్చాడు. నురగ ఆరిపోతోంది, కొత్తగా రాశాడు. రేజర్‌ను చెంప మీంచి గొంతు మీదికి దించాడు. కత్తి కింద బావమరిది నరం కొట్టుకోవడం తెలుస్తోంది.

“ఆరోజు నేను నిన్ను పిలిచాను బావా,” అన్నాడు బావమరిది, కళ్ళు పైకప్పు మీదే ఉంచి. “వినపడిందా?”

రేజర్ ఆగింది. అది కోర్టులోనూ అడిగిన ప్రశ్నే. వినపడలేదనే అప్పుడు చెప్పాడు.

“వినపడింది.”

“ఎన్నిసార్లు?”

“గట్టు ఎక్కేదాకా వినపడుతూనే ఉంది.”

బావమరిది కళ్ళు మూసుకున్నాడు. నిద్రలోంచి అన్నట్టు, తనకసలు గొంతు లేవలేదేమో, పిలిచాననుకోవడం తన భ్రమేమో అని ఇన్నేళ్ళూ అనుకున్నానని చెప్పాడు. రాత్రుళ్ళు అదే ఆలోచన అట. పిలవగలిగి ఉంటే బావ వెనక్కి వచ్చేవాడేగా అని.

అతనికి కళ్ళు మసకబారాయి. రేజర్ పక్కన పెట్టబోయాడు.

“ఇటు ఇంకా గరుగ్గా ఉంది చూడు,” అన్నాడు బావమరిది. “సగంలో వదిలెయ్యకు. నిన్ను క్షమించాననుకునేవు, లేదు. ఆదివారానికి మళ్ళీ గడ్డం పెరుగుతుంది, రా.”

అతను పని పూర్తి చేసి తడిగుడ్డతో మొహం తుడిచాడు. ఎక్కడా గాటు పడలేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో భార్య ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. ఆమె నురగ గిన్నె అందుకుని వెళ్ళిపోయింది.

వీధి తలుపు దగ్గర భోజనం డబ్బా చేతికిచ్చింది.

“కూర్చోమనలేను. నువ్వు ఎదురుగా ఉంటే నాకు ముద్ద దిగదు.”

అతను తలూపాడు. కేకు డబ్బా కూతురు తీసుకుంది. కోస్తారో లేదో అడగలేదు. మెట్లు దిగుతుంటే లోపల బల్ల దగ్గరికి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

వీధులన్నీ ఖాళీ. అందరూ ఇళ్ళలో ఉన్నారు. అద్దె గదికి వచ్చి, మంచం అంచున కూర్చుని డబ్బా విప్పాడు. పక్క గదివాళ్ళకు ఎవరో చుట్టాలు వచ్చినట్టున్నారు, గోడ అవతల నవ్వులు. అన్నం ఇంకా వెచ్చగానే ఉంది. మాట్లాడేవాళ్ళు లేక త్వరగా తినేశాడు. డబ్బా రెండుసార్లు కడిగి బోర్లించాడు.

ఆదివారం వెళ్ళాడు. తలుపు గడియ వెయ్యకుండా దగ్గరకు వేసి ఉంది. ముందుగదిలో ఎవరూ లేరు. అతని అడుగుల చప్పుడుకు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. అతను వెనక గదిలోకి వెళ్ళి చొక్కా చేతులు పైకి మడిచాడు.