దొరబాబు సర్దిన తూనీగలు

ఇన్‌స్పెక్షన్ వాళ్ళు గంటలో దిగుతారనగా, అమలాపురం కాలేజీలో జువాలజీ చెప్పే లక్ష్మీదుర్గ మ్యూజియం గది తలుపు తీసి నెత్తి కొట్టుకుంది. ఖర్మ కాకపోతే ఏమిటిది! మొన్న రాజోలు కాలవ గట్టున ఎండలో మాడి పట్టుకొచ్చిన తూనీగలూ మిడతలూ ఇంకా పూర్తిగా ఎండనైనా లేదు. ఒక్కొక్కదాని రెక్కలూ విప్పి అట్టమీద పరిచి వెళితే, ఇప్పుడు దాదాపు అన్నిటికీ రెక్కలు వీపుమీదికి ముడిచి ఉన్నాయి. మిడతలు బాగానే ఉన్నాయి. తూనీగలకి మాత్రం రెక్కలు మొదళ్ళ దగ్గరే చిరిగి వేలాడుతున్నాయి.

ఎవరి నిర్వాకమో అడగక్కర్లేదు. అటెండరు దొరబాబు గుమ్మంలో చేతులు కట్టుకుని మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. ఇంటి దగ్గర పందెంకోళ్ళు పెంచే మనిషి.

"రెక్క వాల్చేసిందంటే జబ్బుకోడేనండి, మేడంగారూ. పెద్దోళ్ళొచ్చే వేళ బావుండదని సర్దేనండి. కొన్ని మొండికేసేయండి."

చేతులూరుకోవా నీకు అని ఆవిడ అతన్ని నానా మాటలూ అంది. అనదూ మరి? ఆ గదిలో కంప్యూటర్ల కోర్సు పెట్టాలని ప్రిన్సిపాల్‌గారు ఏడాదిగా కన్నేసి ఉన్నారు. ఇవాళ వచ్చే పెద్దాయన ఈ గది దండగంటే బీరువాలన్నీ వరండాలోకే. ఈ అట్ట చూపించి గది నిలబెట్టుకుందామనే కదా ఆవిడ తాపత్రయమంతా!

వాళ్ళు రానే వచ్చారు. ప్రిన్సిపాల్‌గారు అట్ట చూసి, చూశారుగా ఇక్కడి సంబడం అన్నట్టు నవ్వారు. ఇన్‌స్పెక్షన్ పెద్దాయన గోవిందరాజులుగారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని వంగారు.

"వీటికే రెక్కలెందుకు చిరిగేయండీ?"

లక్ష్మీదుర్గకి అప్పటికే ఓపిక అయిపోయింది. "ముడవడం వాటికి చేతకాదు కాబట్టండి," అంది. ఇక ఆగలేదు. రెక్కలొచ్చిన తొలి పురుగులకి వాటిని వీపుమీదికి ముడిచే కీలు లేదనీ, తూనీగది ఆ పాత వంశమేననీ, మిడతా బొద్దింకా ఆ కీలు వచ్చాక చీలిన శాఖవనీ, ముడవగలిగాయి గనకే ఆకుల సందుల్లోనూ బెరడు కిందా దూరి అన్ని రకాలయ్యాయనీ గడగడా చెప్పేసింది. ఒక్కపూట బతికే మేఫ్లై పురుగు ఉందే, అది తూనీగకి సొంత అక్కో దూరపు పెద్దమ్మో ఇంకా పండితులకే తేలలేదని కూడా అనేసింది.

భోజనాలు చల్లారిపోతున్నాయని ప్రిన్సిపాల్‌గారు గుర్తుచేశారు. గోవిందరాజులుగారు వినిపించుకోలేదు. దొరబాబు చేతికి చిక్కకుండా మిగిలిన ఒకే ఒక్క తూనీగని తీసుకుని, రెక్క వెనక్కి నొక్కారు. పుటుక్కున ఊడింది.

"నిజమేనండి," అన్నారాయన, సంబరంగా. "ఈ గది ఇలాగే ఉంచండి."

గది దక్కింది. తూనీగ ఒక్కటీ మిగల్లేదు. దొరబాబునైతే తిట్టింది గానీ, ఈయన్ని ఏమనగలదు?

"ఆయ్," అని తలూపింది లక్ష్మీదుర్గ.