రాగి పైపుల ఇల్లు

భర్త పోయాక పాత ఇనుము కొనే బండిని తనే తోయడం మొదలుపెట్టినప్పుడు ప్లంబర్లెవరూ ఆమెను లెక్కచేయలేదు. అయినా ఆమె పట్టు వదల్లేదు. పని జరిగే ప్రతి ఇంటికీ వెళ్లి, పాత పైపులూ కుళాయిలూ తీసుకోవడమే కాక, అడక్కుండానే సిమెంటు పెచ్చులు కూడా ఎత్తిపోసేది. పిలిస్తే జోరువానలోనైనా వచ్చేది. రెండేళ్లకు పెద్ద ప్లంబరు నోట “అక్కకు ఫోన్ చెయ్యండ్రా” అనే మాట వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే ఓ మూడంతస్తుల ఇంట్లో రాగి పైపులన్నీ ఊడదీస్తున్నారు. గేటు ముందున్న ఆమె బండి పక్కన లారీ ఆగింది. పాత ఇనుము గోదాం యజమాని దిగాడు.

“ఈ వీధి నాది. బండి తియ్యి.”

ఆమె చక్రం కింద రాయి పెట్టి, బండి అంచున కూర్చుంది.

“మీదైతే ఇన్నాళ్లూ ఒక్కసారీ కనబడలేదేం బాబూ? ఇక్కడ ప్రతి గడపా నాకు తెలుసు. నేను కదలను.”

“చూశావా దీని పొగరు!” అంటూ అతను మెట్లమీదున్న పెద్ద ప్లంబరు వైపు తిరిగాడు. “ఇకనుంచి నీ సామానంతా నా లారీలోకే.”

పెద్ద ప్లంబరు పైపుల కట్ట భుజాన వేసుకుని మెట్లు దిగి, లారీని దాటొచ్చి, కట్టను ఆమె బండిలో ధన్‌మని దించాడు.

“మేడమీద ఇంకా బోలెడున్నాయి. సంచి తెచ్చుకో అక్కా.”

ఆమె చేతులు దులుపుకుని లేచింది. “కాస్త దారివ్వండి,” అని యజమానిని పక్కకు జరిపించి మెట్లెక్కింది.